ఐదు రోజుల్లో మూడు ఇంపెల్లర్లు: మా బోటు ప్రయాణం

ఎనిమిది రోజుల ప్రయాణం అనుకుని బయల్దేరాం. అందులో మూడు రోజులు రేవుల్లోనే గడిచిపోయాయి, అదీ అరచేతిలో పట్టే ఇంపెల్లర్ అనే ఒక రబ్బరు చక్రం వల్ల. మొదటి రేవులో మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని ఇది రాస్తున్నాను.

బోటు బావగారిది, డీజిల్ ఇంజను. బయటి నీళ్లు లాగి హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి, అంటే ఇంజను వేడిని ఆ నీళ్లకు వదిలే భాగంలోకి, పంపే పంపు ఉంటుంది కదా, దాని లోపల ఆరు రెక్కల రబ్బరు ఇంపెల్లర్. దాన్ని చల్లబరిచేదీ నీళ్లే, జారుడుగా తిరగనిచ్చేదీ నీళ్లే. నీళ్లు అందకపోతే కాసేపటికే రెక్కలు వేడెక్కి మొదలంటా చిట్లిపోతాయి.

మొదటి రోజు హాయిగా గడిచింది. రెండో రోజు పొద్దున బయల్దేరిన రెండున్నర గంటలకు, వెనక కూర్చున్న అక్క "తమ్ముడూ, చప్పుడు మారింది, విను" అంది. నిజమే, ఇంజను చల్లబరిచిన నీళ్లను బయటికి చిమ్మే ఎగ్జాస్ట్, చిమ్మడం మానేసి డొల్లగా మోగుతోంది. 80 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఇంజను వేడి ముల్లు 95 దాటింది, వెంటనే అలారం. ఇంజను ఆపేశాం. అటుగా వస్తున్న చేపల బోటు వాళ్లు తాడు కట్టి దగ్గర్లోని రేవుకు లాక్కెళ్లారు, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ రోజు మాకు దొరికిన మంచి అంతవరకే.

ఆ రేవు మెకానిక్ పంపు మూత విప్పితే ఆరు రెక్కల్లో మూడు లేవు. "ఊడినవి ఎక్కడికి పోయాయండీ?" అని అడిగాను. "ఎగ్జాస్ట్‌లో కొట్టుకుపోయుంటాయిలెండి" అన్నాడు. కొత్త ఇంపెల్లర్‌కు చేతికి అందిన గ్రీజు పూసి లోపలికి తోసేశాడు. ఆ నియోప్రీన్ రబ్బరుకు మామూలు గ్రీజు పడదు, ఉబ్బిపోతుంది, గ్లిజరిన్ రాయాలి, అది లేకపోతే గిన్నెలు తోమే సబ్బు నీళ్లయినా చాలు. రెండు నిమిషాలు ఐడిల్‌లో నడిపి, "చూడండి, నీళ్లు పడుతున్నాయి" అని బిల్లు చేతిలో పెట్టాడు. పని జరిగింది 40 నిమిషాలు, బిల్లులో మజూరీ 3 గంటలకు. మధ్యాహ్నం వచ్చి మర్నాడు పొద్దున్నే వెళ్లినందుకు రేవు ఆఫీసు రెండు పూర్తి రోజుల అద్దె కట్టించుకుంది. రాత్రి పడుకున్న గది డీజిల్ ట్యాంకు పక్కనే, కిటికీ తెరిస్తే వాసన, మూస్తే ఉక్క. అక్కకు తెల్లారేదాకా తలనొప్పి.

మూడో రోజు రెండు గంటలు నడిచి మళ్లీ అదే కథ, ఈసారి రెండు రెక్కలు. వేరే రేవు దగ్గర్లో లేక మళ్లీ అక్కడికే వెళ్లాం. మెకానిక్ నీళ్లలో చెత్త ఆపే స్ట్రైనర్ కడిగాడు, బయటి నీళ్లు లోపలికొచ్చే వాల్వు దగ్గర గొట్టం ఊడదీసి నీళ్లు బుసబుసా రావడం చూపించాడు. "దారి బాగానే ఉంది, మీరు నడపడమే సరిగ్గా లేదు" అన్నాడు, అదీ అక్క ముందే. బావగారు ఒక్క మాట కూడా అనలేదు కానీ, ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంపెల్లర్ రావడానికి ఒక రోజు పట్టింది, మజూరీ మళ్లీ 3 గంటలు. నేను పట్టుబట్టి ఇంకో ఇంపెల్లర్ స్పేర్‌గా కొనిపించాను.

ఐదో రోజు, పోయిన టైము కలిసొస్తుందని బావగారు 2400 ఆర్‌పీఎమ్‌కు పెంచారు. సరిగ్గా 40 నిమిషాలకు మళ్లీ పోయింది! లంగరు వేసి స్పేర్ నేనే మార్చాను. పంపు మూత ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, రెక్కల అంచులు గాజులా మెరుస్తూ గట్టిపడి ఉన్నాయి. అరిగిన రబ్బరు అలా ఉండదు, అది నీళ్లు లేక కాలిన రబ్బరు. అక్కణ్ణుంచి భయంభయంగా 1200 మీద నాలుగు గంటలు వెళ్లాం, ముల్లు కదల్లేదు. అంత టెన్షన్‌లో అదెందుకో ఆలోచించలేదు.

రెండో రేవులో మాకు దొరికిన పెద్దాయన పంపు జోలికే పోలేదు. ముందు ఒక్కటే అడిగారు, "ఎంత ఆర్‌పీఎమ్ దగ్గర పోతోంది బాబూ?" మూడు రోజుల్లో మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న అది. నేను జరిగినదంతా చెబితే, పంపుకు నీళ్లు తెచ్చే బోటు గొట్టం పంపు దగ్గర ఊడదీసి, తన దగ్గరున్న తీగచుట్టు గొట్టం ఒకటి తగిలించి, రెండో చివర బకెట్లో పెట్టారు. న్యూట్రల్‌లో 2400కి పెంచారు. బకెట్ అర నిమిషంలో ఖాళీ అయిపోతోంది, నేను, బావగారు చెరోవైపు నుంచి ఆపకుండా నీళ్లు పోస్తున్నాం, అక్క గేజీ దగ్గర నిలబడి ముల్లు ఎక్కడుందో చెబుతోంది. 80, 80, 80. పది నిమిషాలైనా అంతే. అంటే పంపు మంచిదే, లోపం దానికి ముందే ఉంది.

అప్పుడు మా గొట్టాన్ని నిలువునా కోసి చూపించారు. పైకి పగులు లేదు, మెత్తబడలేదు. లోపలి పొర మాత్రం ఒక జానెడు మేర ఊడి నాలుకలా వేలాడుతోంది. పంపు మెల్లగా లాగితే పక్కకు ఒరిగి దారిస్తుంది, గట్టిగా లాగితే పైకి లేచి దారి మూసేస్తుంది. ఐడిల్‌లో నీళ్లు బాగా పడ్డాయంటే, 1200 మీద ముల్లు కదల్లేదంటే ఇదే కారణం. మొదటి మెకానిక్ వాల్వు దగ్గర చూపించింది గొట్టంలోకి వెళ్లే ముందు నీళ్లను, పంపును చేరిన నీళ్లను కాదు.

తర్వాత హీట్ ఎక్స్‌ఛేంజర్ మూత విప్పారు. సన్న గొట్టాల నోళ్లకు అడ్డంగా రబ్బరు ముక్కలు. మూడు ఇంపెల్లర్లలో కలిపి ఊడిన రెక్కలు ఏడు. ఒక గుడ్డ మీద పేర్చుకుంటూ వచ్చారు, ఆరు తేలాయి. ఏడోది దొరికేదాకా ఆయన ఇంజను స్టార్ట్ చెయ్యనివ్వలేదు, చివరికి పంపు నుంచి హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు వెళ్లే హోస్‌లో దొరికింది. పంపు మూత పలక మీద గోరు నిలిపి లాగితే గాడి తగులుతోందని, దాన్ని తిప్పి మంచి వైపు లోపలికి బిగించారు. మొత్తం ఐదు గంటల పని. మజూరీ ఐదు గంటలకే, కొత్త తీగచుట్టు గొట్టం, రెండు కొత్త క్లాంపులు, ఒక గాస్కెట్, అంతే. మొదటి రేవులో ఒక్కసారికి అయినదానికంటే కొంచెం ఎక్కువ, రెండుసార్లకు అయినదానికంటే చాలా తక్కువ.

నన్నడిగితే, ఇంపెల్లర్ మార్పించాక మామూలుగా మీరు వెళ్లే ఆర్‌పీఎమ్ మీద రేవులోనే పది నిమిషాలు నడిపించండి, అప్పుడే డబ్బులివ్వండి. ఊడిన రెక్కలు లెక్కపెట్టని చోట ఇంకోసారి ఆగకండి. రెండోసారి కూడా కాలిందంటే మూడో ఇంపెల్లర్ కొనకుండా బకెట్ పెట్టి చూడండి.

మిగిలిన మూడు రోజులు చెప్పుకోవడానికేమీ లేదు. తిరుగు దారిలో 14 గంటలు 2200 మీద వచ్చాం. మొదటి గంటంతా అక్క ఎగ్జాస్ట్ వైపే చూస్తూ కూర్చుంది, రెండో గంటకు అక్కడే నిద్రపోయింది.