అడాపలీన్ 0.1 జెల్: ఆరు నెలలు వాడాక చెప్తున్నా

మొటిమలతో ఏళ్ళ తరబడి ఏడ్చాక డాక్టర్ రాసిస్తే మొదలెట్టిన జెల్ ఇది, వారం రోజులు పూసేసి రాస్తున్న రివ్యూ కాదు, ఆరు నెలలు అయింది.

మొదటి నెల మాత్రం నరకమే. మొహమంతా పొట్టు రాలడం, ముక్కు పక్కన, పెదాల మూలల్లో మంట, అది చాలదన్నట్టు గడ్డం మీద కొత్త మొటిమలు. లోపల అప్పటికే తయారవుతున్నవి తొందరగా పైకొస్తాయంట, ఇది తెలియక చాలామంది ఇక్కడే మానేస్తారు, నేనూ మూడో వారంలో ట్యూబ్ పారేయబోయా. 8 వారాలు దాటాక గానీ తేడా కనపడలేదు, 12 వారాలకి నుదుటి మీద చేతికి గరగరా తగిలే చిన్న చిన్న తెల్ల పొక్కులు దాదాపు పోయాయి.

తప్పు నాది కూడా ఉంది. మొటిమ ఎక్కడుంటే అక్కడే చుక్క పెట్టేదాన్ని, అదీ రోజూ. అలా కాదు, రాత్రి మొహం కడిగి పూర్తిగా ఆరాక, మొహం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత జెల్, రోజు విడిచి రోజు. ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద పూస్తే మంట చాలా తగ్గింది. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పదు.

ఇక మచ్చల కోసం కొనేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. మనం అన్నిటినీ మచ్చలే అంటాం గానీ, వేలితో తడిమితే నున్నగా ఉండి రంగు మాత్రమే నల్లగా ఉన్నవి వేరు, గుంటలు వేరు. నల్లవి నాకు సగానికి పైగా తేలికపడ్డాయి. గుంటలంటే లోపల చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ దెబ్బతిని చర్మం కుంగిపోవడం, నా ఎడమ చెంప మీద సూదితో పొడిచినట్టున్న మూడు ఐస్ పిక్ గుంటలు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. వాటికి డాక్టర్ గుంటలో గాఢమైన యాసిడ్ చుక్క పెట్టే టీసీఏ క్రాస్ లాంటివి, పల్లంగా అలల్లా ఉన్నవాటికి సూదితో చర్మం కింది పట్టు తెంపే సబ్‌సిషన్, సన్న సూదులతో గుచ్చే మైక్రోనీడ్లింగ్, అవీ కొత్త మొటిమలు ఆగాకే.

ప్రెగ్నెంట్‌గా ఉన్నా, ప్లాన్ చేస్తున్నా దీని జోలికి పోవద్దు. పొక్కులకంటే బుగ్గలు ఎర్రబడి మండటమే ఎక్కువైతే అది రోసేషియా కావచ్చు, దానికి ఇది రాస్తే ఇంకా మండుతుంది, ముందు డాక్టర్‌కి చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన క్రీములు దయచేసి రాయకండి, నేను రాశా, పది రోజుల్లో మొహం మెరిసింది, ఆపగానే ఎర్రగా పేలిపోయింది, ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

మొటిమలకి, నల్ల మచ్చలకి నా రేటింగ్ 5కి 4. గుంటలకి మాత్రమే అయితే కొనకండి. నేనింకా వారానికి మూడు రాత్రులు రాస్తూనే ఉన్నా, పూర్తిగా ఆపితే మొటిమలు మళ్ళీ రావచ్చని డాక్టర్ చెప్పారు.