లేక్ ఫోర్క్‌కి పెద్దాయనతో వెళ్ళొచ్చాం: బోటు, బస, తిండి సంగతులు

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు లేక్ ఫోర్క్ అనే చేపల చెరువు గురించి అడిగేది ఎంత పెద్ద చేప పడుతుంది అని. ఈ మార్చిలో నేను వెళ్ళింది మా పక్కింటి పెద్దాయనతో. డెబ్బై దాటిన టెక్సస్ మనిషి, పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి కూడా పాకింది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో గాలానికి ముడి వేయడం నేర్పింది ఆయనే. అందుకని ఈసారి ఏ చోటికి మార్కులు వేసినా ఆయనకి అక్కడ ఎలా గడిచిందన్నదే చూశాను. జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు టైం గురించి. ఆయనకి ఎక్కించే కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఉంది. అది ఎక్కాక కొన్నాళ్ళపాటు చల్లటిది ఏది తాకినా వేళ్ళు జివ్వుమంటాయి, చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. రెండు వారాలకోసారి ఇస్తారు కాబట్టి తర్వాతి డోసుకి ముందు రోజులే కాస్త నయం. డాక్టరు కూడా రక్తపరీక్షలో తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో చూసి గానీ సరే అనలేదు, ఎందుకంటే అవి తగ్గినప్పుడు చేప ముల్లు గీరుకున్నా ఇన్ఫెక్షన్ భయమే. మార్చి అనుకున్నది మాత్రం పెద్దాయనే. గుడ్లు పెట్టే కాలం కాబట్టి పెద్ద ఆడ చేపలు లోతు వదిలి ఒడ్డు దగ్గరికి వస్తాయి, దూరంగా పోయే పని ఉండదు.

బాస్ అంటే తెలియనివాళ్ళకి: లార్జ్‌మౌత్ బాస్ మన కొర్రమీనులాగే నాచులో, చెట్ల మొదళ్ళలో మాటు వేసి దూకే రకం. లేక్ ఫోర్క్ దానికి పెట్టింది పేరు. 1980లో డ్యామ్ కట్టడం పూర్తయింది, 27 వేల ఎకరాల పైచిలుకు నీళ్ళు, అందులో అప్పట్లో కొట్టకుండా వదిలేసిన చెట్లు మోడులై ఇంకా నిలబడి ఉన్నాయి. టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో ఇక్కడే పడింది. డాలస్ నుంచి గ్రీన్‌విల్ దాకా ఐ-30 హైవే మీద వెళ్ళి అక్కడ 69వ నంబరు హైవే పట్టుకుంటే ఎమొరీ మీదుగా చేరిపోతాం. ట్రాఫిక్ లేకపోతే గంటన్నర ప్రయాణం, ఆయన నడుముకి అంతకంటే ఎక్కువైతే కష్టం. దగ్గర్లో క్విట్‌మన్‌లో చిన్న ఆసుపత్రి ఉంది, పెద్దవి కావాలంటే టైలర్ వెళ్ళాలి. ఆ రెండింటి దారులూ ముందే చూసి పెట్టుకున్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది. చేపలు పట్టే లైసెన్సు మర్చిపోవద్దు, 65 దాటిన టెక్సస్ వాళ్ళకి చవకే గానీ ఊరికే మాత్రం కాదు, 1931కి ముందు పుట్టినవాళ్ళకే పూర్తి మినహాయింపు.

బోటు నడిపి చేపలు పట్టించే గైడ్‌కి నూటికి నూరు. పూట బోటుకి నాలుగు వందల డాలర్ల పైనే అయింది, పైన టిప్పు, అయినా ఒక్క డాలరు దండగ కాలేదు. ఫోన్లోనే జబ్బు సంగతి చెప్పేశాను. అతను అడిగిన మొదటి ప్రశ్న, బాత్రూం ఎంతసేపటికోసారి అవసరం పడుతుంది అని! ఆ మాటతోనే నాకు మనిషి మీద నమ్మకం కుదిరింది. మెరీనాకి, అంటే బోట్లు ఆగే రేవుకి, పది నిమిషాల దూరం దాటకుండానే పూటంతా తిప్పాడు. మోడుల మధ్య బోటు కుదుపులకి ఆయనకి నొప్పి వస్తుందని నెమ్మదిగా పోనిచ్చాడు. బోటు నడుస్తున్నంతసేపూ వెనక పల్లపు సీట్లో, ఆగాక ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ముందు సీటు ఎత్తుగా ఉంటుంది, నాకు భయం వేసింది గానీ పెద్దాయన వింటేనా, "వెనక కూర్చుంటే మీ ఇద్దరి వీపులు తప్ప నాకేం కనపడతాయి" అన్నారు. లైఫ్ జాకెట్ మాత్రం తియ్యనివ్వలేదు.

అసలు ఇబ్బంది వేళ్ళతో వచ్చింది. ప్లాస్టిక్ పురుగుని గాలానికి గుచ్చి అడుగున మెల్లగా లాగుతున్నప్పుడు చేప కొరికింది లేనిది చూపుడు వేలి మీద దారం చెప్పాలి. ఆయనకి వేళ్ళు మొద్దుబారాయి, పైగా ఊలు గ్లవుజులు. రెండు మూడు సార్లు చేప ఎరని నోట్లో పెట్టుకుని వదిలేసినా ఆయనకి తెలియలేదు, ముఖం వాడిపోయింది. గైడ్ ఏమీ అనకుండా ఆయన రీల్ మార్చేశాడు. పసుపు రంగు దారం, చివర ఓ మూరెడు మాత్రం నీళ్ళలో కనపడని దారం ముడేశాడు. "వేలితో వద్దు, కళ్ళతో చూడండి, దారం పక్కకి జరిగితే లాగండి" అన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ పసుపు గీత నీళ్ళ మీద ఎడమ పక్కకి, గాలికి ఎదురుగా, మెల్లగా నడవడం మొదలుపెట్టింది. నేను అరిచేలోపే ఆయన లాగేశారు. ఛాతీలో కీమో పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టేది) ఉన్న వైపు చెయ్యి కాబట్టి పైకెత్తకుండా రాడ్‌ని పక్కకి వంచి పట్టుకుని, మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ, ఎవ్వరి సాయం తీసుకోకుండా బోటు దాకా తెచ్చారు. పొడి గ్లవుజులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పోతుంది, వట్టి చేత్తో పట్టుకుంటే ఆయనకి బాధ. గైడే దాని కింది దవడ పట్టుకుని, తడిపిన బోర్డు మీద ఆయన ఒళ్ళో కొలిచాడు. 23 అంగుళాల పైన పావు. ఈ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని ఉంచుకోకూడదు, వెంటనే వదిలెయ్యాలి. వదిలేశాం. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను.

బస మాత్రం బాగాలేదు, పేరు చెప్పను. మెట్లు లేని క్యాబిన్ అని ఫోన్లో రెండుసార్లు చెప్పి, తీరా వెళ్తే రెయిలింగ్ కూడా లేని ఐదు మెట్లు. హీటరు అర్ధరాత్రి ఆగిపోయింది, చలి పడని మనిషికి అది ఎంత నరకమో! ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. డబ్బు సగం వెనక్కిచ్చారు, కానీ ఆ రాత్రి నిద్ర ఎవరిస్తారు? మీరు బుక్ చేసేటప్పుడు గుమ్మం ఫోటో పంపమని అడగండి.

తిండి ఫరవాలేదు. మెరీనా హోటల్లో వేయించిన క్యాట్‌ఫిష్ బాగుంది, నీళ్ళు ఐసు లేకుండా గోరువెచ్చగా ఇవ్వమంటే వడ్డించే అమ్మాయి ప్రతిసారీ గుర్తుపెట్టుకుని మరీ తెచ్చింది. బోటులో మాత్రం మా ఆవిడ ఫ్లాస్కులో పోసిచ్చిన మిరియాల చారే ఆయన్ని కాపాడింది.

మర్నాడు టెక్సస్‌లోనే ఉన్న ఏథెన్స్ అనే ఊళ్ళో టెక్సస్ ఫ్రెష్‌వాటర్ ఫిషరీస్ సెంటర్‌కి వెళ్ళాం. నడవలేనివాళ్ళతో చెరువుకి వెళ్ళడం కుదరదంటే ఇది ఒక్కటి చూపించినా చాలు. వీల్‌చెయిర్ తోసుకుంటూ పెద్ద పెద్ద అద్దాల తొట్లు చూడొచ్చు, డైవర్ నీళ్ళలో దిగి చేపలకి మేత పెడతాడు. 13 పౌండ్లు దాటిన బాస్‌ని పట్టినవాళ్ళు ప్రాణంతో అప్పగిస్తే గుడ్లు పెట్టించి పిల్లల్ని చెరువుల్లో వదిలే పథకం ఇక్కడిదే. దానికి నాంది 1986లో లేక్ ఫోర్క్‌లో పడిన 17.67 పౌండ్ల చేప, ఎథెల్ అని పేరు పెట్టారు. పెద్దాయనకి ఆ కథ అంతా కంఠతా వచ్చు, పక్కన నిలబడ్డ పిల్లలకి కూడా చెప్పారు. వెళ్ళేముందు సెలవు రోజులు చూసుకోండి, అన్ని రోజులూ తెరిచి ఉండదు.

అక్టోబరుకి మళ్ళీ అదే గైడ్ దగ్గర తేదీ పెట్టుకున్నాం. స్కాన్ రిపోర్టు ఎలా వస్తుందో తెలియదని చెప్తే అడ్వాన్సు వద్దన్నాడు, రాలేకపోతే ముందురోజు రాత్రి ఫోన్ చేసినా చాలట. బస ఈసారి క్విట్‌మన్ ఊళ్ళోనే, కింది అంతస్తులో గది, గుమ్మం ఫోటో కూడా తెప్పించుకున్నాను.