‘వైరస్ మందుకు అప్రూవల్ వచ్చేసింది, షేరు కొనండి’ అని మెసేజ్ వస్తే జాగ్రత్త: నెల్లూరు, ఒంగోలు వాళ్లకు

ఫార్మా న్యూస్ కాల్స్ (మందుల కంపెనీల వార్తలను బట్టి ఏ షేరు కొనాలో చెప్పే సలహాలు) అమ్ముతామని ఒక వాట్సాప్ గ్రూపు మన వైపు గట్టిగా తిరుగుతోంది. నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్లు చాలామంది అందులో ఉన్నారు. పేరు రాసినా లాభం లేదు, గ్రూపు పేరూ నంబర్లూ మారుస్తూనే ఉన్నారు. వాళ్ల తీరు చెబుతాను, దాన్నిబట్టి పట్టేయొచ్చు.

మొదట ఫ్రీ. తర్వాత మూడు నెలలకు ఎనిమిది వేలు. ఫోన్ చేసే అమ్మాయి మర్యాదకు లోటు చేయదు. "సార్, ఢిల్లీలో మా వాళ్లున్నారు, డ్రగ్ కంట్రోలర్ ఆఫీసులో ఫైలు కదిలితే మనకు ముందే తెలుస్తుంది" అంటుంది. అది నిజమైతే ఇన్‌సైడర్ ట్రేడింగ్ (బయటికి రాని లోపలి సమాచారంతో షేర్లు కొనే నేరం), అబద్ధమైతే మోసం. రెండిట్లో ఏదైనా మనం ఇరుక్కునేదే.

డబ్బు కట్టాక నాకు వచ్చిన పెద్ద కాల్ ఇది: "ఫ్లూ మందుకు అప్రూవల్ వచ్చేసింది. పోటీ కంపెనీ మందు రిజెక్ట్. ఇక వరుసగా అప్పర్ సర్క్యూట్లే. 10 గంటల లోపు ఎంటర్ అవ్వండి." కింద వరసగా రాకెట్ బొమ్మలు. అప్పర్ సర్క్యూట్ అంటే షేరు ఒక రోజులో పెరగగల గరిష్ఠ హద్దు.

నేను స్టాక్ ఎక్స్ఛేంజ్ సైటులో ఆ కంపెనీ ఇచ్చిన అధికారిక ప్రకటన (ఫైలింగ్) తెరిచాను. మూడో దశ ట్రయల్‌కు (మందును ఎక్కువమంది మీద పరీక్షించడానికి) అనుమతి ఇవ్వొచ్చని నిపుణుల కమిటీ సిఫారసు చేసిందట, అంతే! కమిటీ సిఫారసు చేస్తే డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఇచ్చినట్టు కాదు. ట్రయల్‌కు అనుమతి ఇస్తే మందు అమ్ముకోమన్నట్టూ కాదు. పోటీ మందు సంగతి చూస్తే ఇంకొంత డేటా అడిగారు, రిజెక్ట్ ఎక్కడా లేదు. ఇదే గ్రూపులో పెట్టి అడిగాను. "నమ్మకం లేనివాళ్లకు లాభాలు రావు సార్" అని జవాబిచ్చి నన్ను తీసేశారు. మిగిలిన డబ్బు అడిగితే నంబరు బ్లాక్. ఆ షేరు కొన్న కావలి ఆయన ఒకరు ఇప్పుడు లోయర్ సర్క్యూట్‌లో (ఒక రోజులో పడగల కనిష్ఠ హద్దులో) ఇరుక్కున్నారు, అమ్ముదామంటే కొనేవాడు లేడు.

అసలు అప్రూవల్ నిజంగా వచ్చినా షేరు పెరగాలని ఏముంది? 2021 అక్టోబరు 1న మెర్క్ కంపెనీ తన కోవిడ్ మందు మోల్నుపిరావిర్ ఆసుపత్రి పాలవడాన్ని, మరణాలను సుమారు 50 శాతం తగ్గిస్తుందని చెప్పింది. నవంబరు 5న పోటీ కంపెనీ ఫైజర్ తన కోవిడ్ మందు పాక్స్‌లోవిడ్‌తో 89 శాతమని చెప్పింది, అదే రోజు మెర్క్ షేరు దాదాపు 10 శాతం పడింది. అదే నెలలో మెర్క్ అంకె 30 శాతానికి దిగింది. నవంబరు 30న అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ సలహా కమిటీలో 13 మంది సరేనంటే 10 మంది వద్దన్నారు. డిసెంబరు 22న ఫైజర్‌కు, మర్నాడు మెర్క్‌కు అత్యవసర అనుమతి వచ్చింది. కానీ వేరే మందు దొరకని వాళ్లకు మాత్రమే వాడాలని మెర్క్ మందుకు షరతు పెట్టారు.

మన దేశంలో అదే డిసెంబరు 28న మోల్నుపిరావిర్‌కు అనుమతి వచ్చింది. ఒక్క కంపెనీకి కాదు, 13 కంపెనీలకు! క్యాప్సూల్ 35 రూపాయలకు దిగింది. ఆ ధరకు అంతమంది అమ్మితే ఒక్కొక్కరికి మిగిలేదెంత? కొద్ది రోజులకే, 2022 జనవరిలో, భద్రత మీద అనుమానాలున్నాయని వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దాన్ని జాతీయ కోవిడ్ చికిత్స విధానంలో చేర్చలేదు. అనుమతికి షరతులుంటాయని మన జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాలా? 2021 మే 31న మన రాష్ట్ర ప్రభుత్వం కోవిడ్‌కని ఇచ్చిన కృష్ణపట్నం ఆనందయ్య మందుకు సరేనంది గానీ కంటి చుక్కలకు అనలేదు.

వీళ్లు పంపే సర్టిఫికెట్ చూసి నమ్మొద్దు. రీసెర్చ్ అనలిస్ట్ నంబరు ఐఎన్‌హెచ్‌తో, సలహాదారుది ఐఎన్‌ఏతో మొదలవుతాయి. దాన్ని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ సైటులో కొట్టి చూడండి. నేను చూస్తే వేరే పేరు, వేరే రాష్ట్రం వచ్చింది. డబ్బు పోయేది కూడా ఎవరిదో సొంత యూపీఐకి.

ఇప్పటికే కట్టినవాళ్లు గ్రూపులోంచి వెంటనే బయటికి రాకండి. ముందు చాట్లు, పేమెంట్ రసీదు, ఆ సర్టిఫికెట్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత సైబర్ క్రైమ్ 1930కి ఫోన్ చేయండి, సెబీ హెల్ప్‌లైన్ 1800 22 7575కి కూడా చెప్పండి. నేను ఫిర్యాదు ఇచ్చాను. మీరూ ఇస్తే ఒకే యూపీఐ మీద ఎన్ని ఫిర్యాదులు పడ్డాయో పోలీసులకు కనిపిస్తుంది.