రిడిల్‌ను ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ఒహాయో తొలి వలసదారుల ప్రస్తావన తెచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒక్కటే. ఆ వలసదారుల మధ్యే పెరిగిన లాయరు, రచయిత ఆల్బర్ట్ గాలటిన్ రిడిల్‌ను తెలుసుకోవాలంటే ముందు ఆయన నవల ‘బార్ట్ రిడ్జ్‌లీ’ (1873) చదవాలా, జ్ఞాపకాల పుస్తకం ‘రికలెక్షన్స్ ఆఫ్ వార్ టైమ్స్’ (1895) చదవాలా?

జ్ఞాపకాల పుస్తకాన్ని తక్కువ చేయలేం. 1861 నుంచి 1863 దాకా రిడిల్ కాంగ్రెస్ సభ్యుడు. లింకన్ నాటి వాషింగ్టన్‌ను దగ్గరగా చూసినవాడు. అమెరికా అంతర్యుద్ధంలో 1861 జూలై 21న బుల్ రన్ దగ్గర ఓడిన యూనియన్ (ఉత్తరాది) సైనికులు రాజధాని వైపు పరుగులు తీస్తుంటే, సెనేటర్ బెంజమిన్ వేడ్ బృందం తుపాకులు పట్టుకుని దారికి అడ్డం నిలిచింది. ఆ బృందంలో రిడిల్ కూడా ఉన్నాడు. బానిసల చేతికి ఆయుధాలివ్వాలని కాంగ్రెస్‌లో మొదట గళమెత్తినవారిలోనూ ఆయన ఉన్నాడు.

కానీ ఆ పుస్తకం 1860తో మొదలై 1865తో ఆగిపోతుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. 1816లో మసాచుసెట్స్‌లో పుట్టిన రిడిల్‌ను మరుసటి ఏడే ఒహాయోలో జియాగా కౌంటీలోని న్యూబరీకి తీసుకొచ్చారు. అడవి కొట్టి పొలాలు చేసుకుంటున్న ఊళ్ల మధ్య పెరిగాడు. 1840లో లాయరై, అదే ఏడు కౌంటీ ప్రాసిక్యూటర్ అయ్యాడు. పారిపోయి వచ్చిన బానిస జాన్ ప్రైస్‌ను విడిపించినందుకు కేసుల్లో ఇరుక్కున్న ఒహాయోలోని ఓబర్లిన్ ఊరివాళ్ల తరఫున 1859లో వాదించాడు. మనిషిని తయారుచేసిన ఈ నలభై మూడేళ్లూ ఆ జ్ఞాపకాలకు వెలుపలే ఉండిపోయాయి.

ఆ లోటు తీర్చేది నవలే. న్యూబరీ కుర్రాడు బార్ట్ చేతిలో డబ్బు లేకుండానే జెఫర్సన్ అనే ఊరు వెళ్లి, అక్కడ లాయరుగా ఉన్న వేడ్ దగ్గర లా చదువుతాడు. నిజానికి రిడిల్ చదివింది సీబరీ ఫోర్డ్ అనే మరో లాయరు దగ్గర. కాబట్టి దీన్ని ఆత్మకథ అనుకోకూడదు. ప్రేమకథలో ఆ కాలపు భావావేశం కాస్త ఎక్కువే. అయినా ఆ అడవి, ఆ పల్లె కోర్టు విని రాసినవి కావు, అక్కడే బతికి రాసినవి. నా ఓటు నవలకే.

ఒహాయోలోని కయహోగా లోయ నేపథ్యంగా రిడిల్ రాసిన ‘ద పోర్ట్రెయిట్’ (1874), ఆయనే రాసిన వేడ్ జీవితచరిత్ర (1886) ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నవల ముందు చదివితే ఇంకో లాభం కూడా ఉంది. బుల్ రన్ దారిలో తుపాకీతో నిలబడిన వేడ్ అప్పటికే మీకు తెలిసిన జెఫర్సన్ ప్లీడరై ఉంటాడు.