నెలనెలా డబ్బు కట్టే మానిటరింగా, ఉచితంగా దొరికే ఫ్రీజా?

మా ఆవిడ పాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పేరోల్ రికార్డులు బయటికి పోయాయట, తన సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికాలో పన్నులకూ అప్పులకూ అడిగే గుర్తింపు సంఖ్య) కూడా వాటిలో ఉందట. అందుకు బదులుగా ఏడాదిపాటు క్రెడిట్ మానిటరింగ్ (మన పేరు మీద కొత్త అప్పు కనబడితే తెలిపే సర్వీసు) ఉచితం, ఆ తర్వాత నెలనెలా కట్టుకోవాలి. ఆ సర్వీసూ వాడాం, అమెరికా చట్టం అందరికీ ఇచ్చిన సెక్యూరిటీ ఫ్రీజూ వాడాం. ఇక్కడ మనవాళ్లు చాలామంది మొదటిదానికి డబ్బు కడుతూ రెండోదాని ఊసే ఎత్తరు కాబట్టి ఈ రివ్యూ.

మానిటరింగ్ కబురు చెబుతుంది, అంతే. మేమెన్నడూ వెళ్లని రాష్ట్రంలో మా ఆవిడ పేరు మీద ఎవరో స్టోర్ కార్డు (దుకాణం పేరుతో ఇచ్చే క్రెడిట్ కార్డు) తీసుకుంటే మెసేజ్ వచ్చింది. అప్పటికే కార్డు మంజూరైపోయింది.

ఫ్రీజ్ అసలు ఆ పని జరగనివ్వదు. మన అప్పుల చరిత్రను ఫైలుగా ఉంచే క్రెడిట్ బ్యూరోలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ విడివిడిగా పెట్టుకోవాలి. కొత్తగా అప్పిచ్చేవాళ్లకు మన ఫైలు కనబడదు, ఫైలు చూడకుండా వాళ్లు సాధారణంగా ఇవ్వరు. 2017లో ఈక్విఫాక్స్ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చి, 2018 సెప్టెంబరు 21 నుంచి ఫ్రీజ్ దేశమంతా ఉచితమైంది. ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో అడిగితే ఒక పనిదినంలో పెట్టాలి, తీయమంటే గంటలో తీయాలి. కారు లోన్ అప్పుడు షోరూంలో కూర్చునే తీయించాం, ఏ టెన్షనూ లేదు. ఒక్క జాగ్రత్త: ‘లాక్’ పేరుతో అమ్మే ప్యాకేజీలు వేరు. లాక్ అంటే కంపెనీతో ఒప్పందం, ఫ్రీజ్ చట్టం ఇచ్చిన హక్కు.

ఆ దొంగ కార్డు సంగతికి వస్తే, నాకు బాగా నచ్చింది ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి ఐడెంటిటీథెఫ్ట్ డాట్ గవ్. జరిగింది నింపితే రిపోర్టు, పంపాల్సిన ఉత్తరాల నమూనాలు అక్కడే తయారవుతాయి. ఆ రిపోర్టు, గుర్తింపు రుజువు జతచేసి పంపితే క్రెడిట్ బ్యూరోలు ఆ ఖాతా వివరాలను 4 పనిదినాల్లో బ్లాక్ చేయాలి. కార్డు ఇచ్చిన సంస్థ, మనం రాతపూర్వకంగా అడిగితే, దొంగ పెట్టుకున్న దరఖాస్తు కాపీని 30 రోజుల్లో ఉచితంగా ఇవ్వాలి. ఈ హక్కును తప్పకుండా వాడుకోండి. ఆ కాపీలో మా ఆవిడ పేరు, నంబరు సరిగ్గానే ఉన్నాయి, ఫోనూ అడ్రసూ మాత్రం ఎవరివో. సంతకం కూడా తనది కాదు. అది చూపించాక ఆ బాకీ తనది కాదని వాళ్లే రాసిచ్చారు.

పిల్లలున్నవాళ్లు ఇంకొకటి చేయాలి. 16 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులే ఫ్రీజ్ పెట్టించవచ్చు. ఫైలే లేకపోతే బ్యూరో కొత్తగా సృష్టించి మరీ ఫ్రీజ్ చేయాలి. బర్త్ సర్టిఫికెట్ కాపీలూ అవీ పోస్టులో పంపడం కాస్త విసుగే. కానీ పసివాళ్ల నంబరు మీద ఎవరైనా అప్పు చేస్తే, వాళ్లు పెద్దయి సొంతంగా లోనుకు వెళ్లేదాకా బయటపడకపోవచ్చు. మా పాపకు పెట్టించాం.

ఫ్రీజ్ ఆపలేనివీ ఉన్నాయి. ఇప్పటికే ఉన్న కార్డుల్ని అది కాపాడదు. క్రెడిట్ కార్డుపై దొంగ ఖర్చుకు చట్టప్రకారం మన బాధ్యత 50 డాలర్లు దాటదు. డెబిట్ కార్డు పోయిందని తెలిసిన 2 పనిదినాల్లో చెప్పకపోతే 500 దాకా పోవచ్చు, అందుకే ఆన్‌లైన్‌లో మేం క్రెడిట్ కార్డే వాడతాం. మన పేరుతో దొంగ టాక్స్ రిటర్ను వేయడాన్నీ ఫ్రీజ్ ఆపదు. దానికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దగ్గర ఏటా మారే 6 అంకెల పిన్ ఉచితంగా తీసుకోవచ్చు.