భుజం నొప్పి ఉన్న మనిషికి పిట్టల కెమెరా: నికాన్ పీ950

నాకు భుజానికో డాక్టరు, మోకాలికో డాక్టరు ఉన్నారు. బ్యాంకులో ముప్పై మూడేళ్లు కౌంటర్ వెనక కూర్చుని రిటైరయ్యాక పిట్టల ఫోటోల పిచ్చి పట్టింది. మొదటిసారి మా తమ్ముడి డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా), దానికి 200-500 మి.మీ. జూమ్ లెన్సు అరువు తెచ్చుకుని, పిట్టల ఊరు ఉప్పలపాడు వెళ్లాను. ఆ లెన్సు ఒక్కటే 2.3 కిలోలు. పావుగంటకి చెయ్యి వణకడం మొదలైంది. అరగంట అయ్యేసరికి కెమెరా మావారి మెడలో ఉంది, నేను చెట్టు నీడలో సోడా తాగుతున్నాను. ఆ వారమే పీ950 కోసం వెతికి, విజయవాడలో సెకండ్‌హ్యాండ్‌ది కొన్నాను. మూడేళ్లయింది.

ఇది 2020లో వచ్చిన బ్రిడ్జ్ కెమెరా. లెన్సు ఊడదు, మార్చే పని లేదు. 24 నుంచి 2000 మి.మీ. దాకా, అంటే 83 రెట్లు జూమ్. బ్యాటరీ, కార్డు వేసి తూస్తే ఒక కిలో. ఉప్పు ప్యాకెట్టంత బరువన్నమాట. ఉప్పు ప్యాకెట్టు పట్టుకుని గంటసేపు నిలబడగలను, అందుకే దీన్ని కొన్నాను. ఇంతకన్నా పెద్దన్న పీ1000 ఉంది, 3000 మి.మీ. దాకా పోతుంది, కానీ బరువు 1.4 కిలోలు దాటుతుంది. దాన్ని షాపులో ఒకసారి ఎత్తి, నెమ్మదిగా కింద పెట్టేశాను.

ఇది చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే: "ఎంత దూరాన ఉన్న పిట్టయినా వచ్చేస్తుందా అండీ?" రాదు. నేనూ మొదట వస్తుందనే అనుకున్నాను. జనవరిలో సూళ్లూరుపేట వెళ్లి, అక్కడినుంచి శ్రీహరికోట రోడ్డు ఎక్కాం. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు పక్కలా నీళ్లు, దూరంగా నీళ్ల మీద ఎవరో గులాబీరంగు గీత గీసినట్టు రాజహంసలు. టిఫినూ అదీ అయ్యి మేం చేరేసరికి పదకొండు. ఫుల్ జూమ్ పెట్టి రెండువందల ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఒక్కదానికీ కాళ్లు తిన్నగా లేవు. అట్లపెనం మీద గాలి వణికినట్టు అన్నీ వణుకుతూ ఉన్నాయి. తప్పు కెమెరాది కాదు. ఎండెక్కాక నీటి మీద గాలి మరుగుతుంది. జూమ్ పెంచినకొద్దీ ఆ మరుగు కూడా పెద్దదవుతుంది. ఎన్ని లక్షల లెన్సు తెచ్చినా ఆ ఎండలో అంతే. మర్నాడు ఇడ్లీలు పొట్లం కట్టించుకుని ఆరున్నరకే వెళ్లాం. ఆ ఫోటోల్లో ముక్కుల వంపు, దాని చివర నలుపు స్పష్టంగా ఉన్నాయి.

కాబట్టి నా లెక్కలో 2000 మి.మీ. ఉన్నది దూరపు పిట్టకి కాదు. దగ్గర్లో ఉన్న పిట్ట జోలికి మనం వెళ్లకుండా ఉండటానికి. ఇది అర్థమైంది ఉప్పలపాడులోనే. గుంటూరు పక్కనే ఉన్న ఊరు, చెరువులో చెట్ల నిండా గూళ్లు. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గుంపులుగా ఉంటాయి, ఊరివాళ్లు వాటిని తమ ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు. అక్కడ గట్టు మీదే నిలబడి గూట్లో ఏం జరుగుతోందో చూడొచ్చు. గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుంటుంది. మామూలు కంటికి అక్కడేదో పెనుగులాట జరుగుతున్నట్టుంటుంది. ఈ కెమెరాలో తల్లి పైముక్కు అంచున వరసగా ఉన్న మచ్చలు కూడా లెక్కపెట్టుకున్నాను. ఆరోజే ఇద్దరు కుర్రాళ్లు పెద్ద పెద్ద కెమెరాలతో వచ్చి, ఎగిరే ఫోటో కావాలని రాయి విసరబోయారు. అక్కడ మేకలు కాసుకునే ఒకావిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, నాకైతే చాలా తృప్తిగా అనిపించింది.

ఒక బటన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫుల్ జూమ్‌లో పిట్టని వెతకడం అంటే కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి సూది వెతకడమే. కొమ్మ కనిపిస్తుంది, ఆకు కనిపిస్తుంది, లకుముకిపిట్ట మాత్రం ఉండదు. లెన్సు పక్కన ఉన్న స్నాప్‌బ్యాక్ బటన్ నొక్కి పట్టుకుంటే దృశ్యం కాసేపు వెడల్పవుతుంది. పిట్టని మధ్యలోకి తెచ్చుకుని వదిలేస్తే జూమ్ మళ్లీ మొదటి చోటికే వెళుతుంది. ఇది లేకపోతే నేను ఈ కెమెరాని నెలకే అమ్మేసేదాన్ని. అలాగే కొన్నరోజే మెనూలోకి వెళ్లి డిజిటల్ జూమ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే 2000 దాటాక కూడా నంబర్ పెరుగుతూ సంతోషపెడుతుంది, ఫోటో మాత్రం పిండి బొమ్మలా వస్తుంది.

ఇక చీకటి. వెలుతురు పట్టుకునే సెన్సర్ చాలా చిన్నది, ఫోన్లలో ఉండేంత సైజు. చివరిదాకా జూమ్ చేస్తే లెన్సు ఎఫ్/6.5 కన్నా ఎక్కువ తెరుచుకోదు, అంటే లోపలికి వెలుతురు తక్కువే వెళుతుంది. ఈ రెండూ కలిస్తే వెలుతురు లేనిచోట ఈకలు కనబడవు, రంగు పూసినట్టు ఉంటుంది. వెలుతురు చాలకపోతే పెంచుకునే నంబర్ ఐఎస్‌ఓ, పెంచినకొద్దీ ఫోటో పాడవుతుంది. నేను దాన్ని 800 దాటనివ్వను. తెల్లవారుజామున మా పెరట్లో మందార మీద వాలే తేనెపిట్ట ఇప్పటికీ నాకు సరిగ్గా దొరకలేదు. దానికి మనసొప్పే టైమ్ ఆరు, నా కెమెరాకి ఏడున్నర. తెల్ల కొంగలకి మాత్రం తిరకాసు వేరు. ఎండలో వాటిని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (ఫోటోకి తీసుకునే వెలుతురు) మైనస్ 0.7కి తగ్గించండి, లేకపోతే సున్నం కొట్టిన గోడలా తెల్లగా పోతాయి.

ఎగిరే పిట్టల మీద ఆశ పెట్టుకోకండి. సెకనుకి 7 చొప్పున పది ఫోటోలు గబగబా తీస్తుంది, తర్వాత అవి కార్డులోకి రాసుకునేదాకా ఆగుతుంది. పాలపిట్ట రెక్క విప్పినప్పుడు ఆ నీలం చూడాలని అందరికీ ఉంటుంది. మూడేళ్లలో నాకు సరిగ్గా పడింది ఒక్కటి, అదీ దసరా నాడు, కొమ్మ మీదనుంచి దూకుతుండగా. మావారు పాలపిట్టకి దణ్ణం పెట్టుకుంటే నేను కెమెరాకి పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక షాపు సంగతి. అమ్మినతను కెమెరాతోపాటు యూవీ ఫిల్టర్ ఒకటి బిగించి, "లెన్సుకి గీతలు పడవు మేడం" అని ఎనిమిదివందలు తీసుకున్నాడు. రెండు నెలలు నా ఫోటోలన్నీ మసగ్గా వస్తే చెయ్యి వణుకుతోందని ఫిజియోథెరపీకి కూడా వెళ్లాను. చివరికి ఒకరోజు తుడుద్దామని ఫిల్టర్ తీసి, బిగించడం మర్చిపోయి తీస్తే ఫోటోలు అద్దంలా వచ్చాయి. నాసిరకం గాజు ఫుల్ జూమ్‌లో తన గుణం చూపిస్తుంది.

పోయిన మే నెలలో అమెరికాలో, ఎడిసన్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి దీన్ని తీసుకెళ్లాను. స్పేర్ బ్యాటరీలు చెకిన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సంచీలోనే పెట్టుకోవాలి. అక్కడ పెరట్లో గింజల గిన్నె వేలాడదీస్తే ఎర్రటి కార్డినల్, నీలం రంగు బ్లూ జే బడి వదిలిన పిల్లల్లా వచ్చి వాలేవి. మొదటి మూడు రోజులు వంటింటి కిటికీలోంచే తీశాను, ఒక్కటీ బాగా రాలేదు. ఆ కిటికీలకి రెండు పొరల అద్దం. తలుపు తీసుకుని డెక్ మీద కుర్చీ వేసుకున్నాకే కార్డినల్ నెత్తి మీద జుట్టు విడివిడిగా వచ్చింది. "అమ్మా, ఇక్కడ చూడ్డానికి న్యూయార్క్ ఉందే" అని అమ్మాయి గొడవ.

బ్యాటరీ 290 ఫోటోలని కంపెనీ లెక్క. నాకు ఎక్కువే వస్తాయి, ఎందుకంటే జూమ్‌తో ఊరికే ఆడను. అయినా రెండో బ్యాటరీ తప్పదు. చార్జింగ్ పాత మైక్రో యూఎస్‌బీ కేబుల్‌తో, ఇప్పటి ఫోన్ల కేబుల్ పనికిరాదు. పిట్టల కోసం నేలపట్టు వెళ్లినప్పుడు ఆ కేబుల్ మర్చిపోయి లాడ్జి కుర్రాణ్ణి అడిగితే, తన పాత ఫోనుది తెచ్చిచ్చాడు.

గోడకి పెద్ద ఫోటో వేయించుకోవాలనుకునేవాళ్లకి, పోటీలకి పంపేవాళ్లకి ఇది చాలదు. వాళ్లు లెన్సులు కొనుక్కోవాలి, మోయాలి. వచ్చినది ఏ పిట్టో గుర్తుపట్టి, తేదీ రాసుకుని, ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకునే నాలాంటివాళ్లకి సరిపోతుంది. నా పుస్తకంలో ఇప్పటికి 143 పేర్లున్నాయి. అందులో 61 మా డాబా మీదనుంచి, ఎదురింటివాళ్ల వేపచెట్టు మీద తీసినవే. ఆ చెట్టు కొట్టేద్దామని వాళ్లు అంటున్నారు. మొన్న వాళ్లబ్బాయిని డాబా మీదకి పిలిచి, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్లో జెముడుకాకి ఎర్ర కన్ను చూపించాను. వాళ్ల నాన్నకి చెప్తానన్నాడు.