సిగ్నల్ లేని ఊళ్లో గేమ్ ఆడాలంటే ఏ కొట్లో కొనాలి?

నా పోస్టింగ్ చింతపల్లి, ఇల్లు విశాఖలో గోపాలపట్నం. సోమవారం చీకటితోనే బస్సెక్కి, నర్సీపట్నం దాటి, లంబసింగి ఘాట్ ఎక్కి బడికి చేరితే మళ్లీ శనివారం సాయంత్రమే కిందికి దిగడం. మధ్యలో ఐదు రాత్రులు అద్దె గదిలో. సిగ్నల్ కిటికీ పక్కన ఒక్క గీత ఉంటుంది, వాన పడితే అదీ పోతుంది. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి ఎలాగో సరిపోతుంది కానీ, ఓపెన్ చేసిన ప్రతిసారీ "లాగిన్ అవ్వండి" అనే గేమ్‌కి చాలదు. ఆదివారం విశాఖలో ఫైబర్ కనెక్షన్ మీద డౌన్‌లోడ్ చేసి, హార్డ్ డిస్క్‌లో వేసుకుని కొండెక్కడం నా పద్ధతి. అందుకే ఏ గేమ్ కొనాలా అన్నదాని కంటే ఏ కొట్లో కొనాలా అన్నదే నాకు పెద్ద ప్రశ్న అయిపోయింది.

నా పరీక్ష ఒక్కటే. నెట్ మొహం చూడని పాత లాప్‌టాప్ ఒకటి ఉంది నా దగ్గర. హార్డ్ డిస్క్ దానికి తగిలించి గేమ్ ఎక్కిస్తా. ఆడితే పాస్. ఏ అకౌంటూ, ఏ కోడూ అడగకూడదు.

ఈ పట్టింపుకి వెనక ఒక పాత మంట ఉంది. 2009లో సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో వెయ్యి రూపాయలు పోసి ఒక కార్ల రేసు గేమ్ ఒరిజినల్ డీవీడీ కొన్నాను. చదువుకునే రోజులు, మెస్ బిల్లు ఆపి మరీ కొన్న డబ్బు అది. మూడుసార్లే యాక్టివేట్ చేసుకోవచ్చని డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఒకసారి హార్డ్ డిస్క్ పోయింది, ఇంకోసారి విండోస్ మళ్లీ వేశా, అంతే, మూడూ అయిపోయాయి. కంపెనీకి మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. నా రూమ్మేట్ మాత్రం ముప్పై రూపాయల సీడీలో వచ్చిన క్రాక్ గేమ్ హాయిగా ఆడుకుంటున్నాడు. డబ్బు కట్టినవాడికి తాళం, కట్టనివాడికి బార్లా తెరిచిన తలుపు. ఇది నా ఒక్కడి బాధ కాదులెండి. 2008లో స్పోర్ అనే గేమ్ వచ్చినప్పుడు, కాపీలు ఆపడానికి వేసిన సెక్యూరామ్ అనే తాళంతో మూడు యాక్టివేషన్లే అన్నారని ప్రపంచమంతా గోల చేసింది. 2015లో విండోస్ 10 వచ్చి సేఫ్‌డిస్క్ అనే ఇంకో తాళానికి మద్దతు తీసేయడంతో, ఆ తాళమున్న పాత సీడీలు కొన్నవాళ్ల అల్మరాల్లో గాజు బిళ్లల్లా మిగిలాయి.

డౌన్‌లోడ్ కాలంలో తాళం రూపు మారింది, అంతే. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న ఆపేశారు. ఒక్కళ్లమే ఆడుకుందామన్నా తెరుచుకోలేదు. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది, అమ్మేది లైసెన్స్ మాత్రమే అయితే ఆ ముక్క కొనేవాడికి చెప్పి తీరాలని. ఇప్పుడు స్టీమ్ అనే పెద్ద ఆన్‌లైన్ గేమ్‌ల కొట్లో డబ్బు కట్టే పేజీలోనే ఆ మాట కనిపిస్తుంది. చదివారా ఎప్పుడైనా?

ఇక అసలు కొట్టు సంగతి. గాగ్ డాట్ కామ్. పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ వాళ్లు 2008లో మొదలుపెట్టారు, అప్పటి పేరు గుడ్ ఓల్డ్ గేమ్స్. ఈ సీడీ ప్రాజెక్ట్ పుట్టింది 1994 వార్సాలో. అప్పటి పోలండ్ బజారు మన సీటీసీ లాంటిదే, ఎటు చూసినా కాపీ సీడీలే. తాళాలతో అక్కడ గెలవలేమని వాళ్లకి ముందే తెలుసు. బాల్డర్స్ గేట్ అనే గేమ్‌ని పోలిష్ భాషలోకి మార్చి, డబ్బాలో మ్యాపూ పుస్తకమూ పెట్టి, "కాపీ కంటే ఇదే మేలు" అనిపించి అమ్మారు. 2011లో వాళ్ల సొంత గేమ్ విచర్ 2కి డిస్కు కాపీల్లో ఉన్న తాళాన్ని, విడుదలైన కొద్ది రోజులకే ప్యాచ్ (సవరణ ఫైల్) ఇచ్చి వాళ్లే ఊడబీకారు. 2025 చివర్లో గాగ్‌ని సీడీ ప్రాజెక్ట్ నుంచి ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన మిహాల్ కిచిన్‌స్కీ కొనుక్కున్నారు. చేతులు మారినా తాళం లేదన్న మాట మారలేదు.

ఇక్కడ కొన్న గేమ్‌కి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ అని ఇస్తారు. అది మామూలు సెటప్ ఫైల్. నెట్ అక్కర్లేదు, గాగ్ గెలాక్సీ అనే వాళ్ల లాంచర్ (గేమ్‌లు దించి తెరిచే యాప్) కూడా అక్కర్లేదు. నా పాత లాప్‌టాప్‌లో ప్రతిసారీ పాసే. పెద్ద గేమ్ అయితే ఒక సెటప్ ఫైలూ, దాని వెనక 4 జీబీకి మించని బిన్ ఫైళ్ల వరసా ఉంటాయి. బ్రౌజర్‌లో ఒక్కోదాన్నీ విడివిడిగా నొక్కుతూ దించుకోవాలి. విసుగు పని. గెలాక్సీలోంచి బ్యాకప్ ఇన్‌స్టాలర్లు దించుకుంటే ఆ నొక్కుడు తప్పుతుంది.

ఆ విసుగుతోనే నేను ఒకసారి దెబ్బతిన్నాను. విచర్ 3 దించుతున్నా, 50 జీబీ చుట్టూ ఉంటుంది. ఆదివారం రాత్రి పాపకి హోంవర్క్ చెప్తూ, మధ్యమధ్య ఒక్కో బిన్ నొక్కుతూ కూర్చున్నా. సోమవారం రాత్రి చింతపల్లిలో దుప్పటి కప్పుకుని, వేడి టీ పక్కన పెట్టుకుని సెటప్ నొక్కితే సగం దూరం పోయి ఒక పెట్టె తెరుచుకుంది. తర్వాతి డిస్క్ పెట్టండి, పెట్టి ఓకే నొక్కండి అని. డిస్కేంటి, నా బొంద! ఈ లాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. తీరా చూస్తే వరసలో నాలుగో బిన్ లేదు, నొక్కడం మర్చిపోయా. లెక్కల మాస్టారిని, పది లోపు అంకెలు వరసగా లెక్కపెట్టుకోలేకపోయాను. శనివారం దాకా విచర్ మొహం చూడలేదు. ఆ వారమంతా పేపర్లు దిద్దా, పిల్లలకి మేలే జరిగింది.

నచ్చినవి ఇంకా ఉన్నాయి. కొన్న 30 రోజుల్లోపు నడవకపోతే ఆడిన గేమ్‌కి కూడా డబ్బు వెనక్కి అడగొచ్చు. స్టీమ్‌లో అది 14 రోజులు, ఆడింది రెండు గంటలు దాటకూడదు. పాత గేమ్‌లని కొత్త విండోస్ మీద నడిచేలా సర్ది అమ్మడం గాగ్ వాళ్ల పాత విద్య. 1999 నాటి హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3నే చూడండి. 2015లో వచ్చిన హెచ్‌డీ ఎడిషన్ స్టీమ్‌లో ఉంది, కానీ ఎక్స్‌పాన్షన్లు, అంటే తర్వాత వచ్చిన అదనపు భాగాలు, రెండూ లేవు దాంట్లో. గాగ్‌లో ఉన్నది కంప్లీట్, రెండూ కలిపి. గేమ్‌కి అభిమానులు చేసే మార్పులు, మోడ్‌లు కూడా ఈ కంప్లీట్ మీదే ఎక్కుతాయి. మన నెట్ సెంటర్ రోజుల కమాండోస్ గేమ్‌లు కూడా ఇక్కడ ఉన్నాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కోసం వెతికా, లేదు.

డబ్బు దగ్గరికొస్తే మాత్రం గాగ్ నన్ను ఏడిపిస్తుంది. ధర డాలర్లలో. కార్డుకి ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ అనే మీట బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసుకోవాలి, కొన్నాక ఆఫ్ చేసుకోవాలి. పొలం పనుల గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ నేను చూసినప్పుడు గాగ్‌లో 14.99 డాలర్లు. డాలరు 85 వేసుకున్నా 1,274 రూపాయలు. నా కార్డు వాళ్ల ఫారిన్ కరెన్సీ చార్జీ 3.5 శాతం, అంటే 45. దాని మీద 18 శాతం జీఎస్టీ, 8. మొత్తం 1,327. అదే గేమ్ స్టీమ్‌లో 480, యూపీఐతో కట్టేయొచ్చు. సరే, రెండున్నర రెట్లకి పైగా కట్టి తాళం లేని సుఖం కొనుక్కుందామా అంటే, ఇక్కడే ఉంది తమాషా. స్టీమ్‌లో అమ్మే స్టార్‌డ్యూకి కూడా తాళం లేదు! ఒకసారి దించుకున్నాక ఆ ఫోల్డర్ ఎత్తి హార్డ్ డిస్క్‌లో వేసుకుని, స్టీమ్ లేని నా పాత లాప్‌టాప్‌లో నొక్కితే తెరుచుకుంది. మా ఆవిడ కోళ్లు అందులోనే పెరుగుతున్నాయి.

స్టీమ్ అంటే తాళం అని నేనూ చాలాకాలం అనుకున్నా. అక్కడ తాళం వేయాలా వద్దా అన్నది గేమ్ చేసినవాళ్ల ఇష్టం. ఏవి తాళం లేకుండా నడుస్తాయో పీసీ గేమింగ్ వికీలో జాబితా ఉంది, కొనే ముందు అది చూడండి. విచర్ 3, బాల్డర్స్ గేట్ 3 కూడా స్టీమ్ తెరవకుండానే నడిచేవే. చిక్కల్లా ఏంటంటే మీ చేతికొచ్చేది ఇన్‌స్టాలర్ కాదు, ఉత్త ఫోల్డర్. కొత్త మెషీన్ మీద గేమ్‌కి కావలసిన డైరెక్ట్‌ఎక్స్, విజువల్ సీ ప్లస్ ప్లస్ అనే విండోస్ ఫైళ్లు లేకపోతే తెరుచుకోకుండా మొండికేస్తుంది. అవి కూడా హార్డ్ డిస్క్‌లో విడిగా పెట్టుకోవాలి.

స్టీమ్ పేజీలో కుడి పక్క వరసలో కిందికి దిగితే, డెనువో లాంటి తాళం ఉంటే ఒక డబ్బాలో రాసి ఉంటుంది. రోజుకి ఇన్ని కంప్యూటర్లే అన్న లెక్క కూడా కొన్నిటికి అక్కడే ఉంటుంది. ఆ డబ్బా కనిపించిందా, నేను విష్‌లిస్ట్‌లో పడేసి ఊరుకుంటా. చాలా కంపెనీలు కొన్నాళ్లకి డెనువోని వాళ్లే తీసేస్తాయి, 2016లో వచ్చిన డూమ్ గేమ్‌కి ఆ ఏడాది డిసెంబర్‌లోనే తీసేశారు. అప్పటికి ధరా దిగుతుంది. ఇక ఒక పెద్ద కంపెనీ సొంత లాంచర్ ఉంది, పేరెందుకులెండి. విశాఖలో అంతా సరిచూసుకుని వెళ్తే, చింతపల్లిలో మంగళవారానికల్లా మళ్లీ లాగిన్ అవ్వమంది. వాళ్ల దగ్గర ఇంకో రూపాయి పెట్టలేదు.

మిగతా కొట్లు గబగబా. ఇచ్ డాట్ ఐవో చిన్నచిన్న గేమ్‌లకి బంగారం, జిప్ ఫైల్ దించుకో, విప్పుకో, ఆడుకో. 2020 జూన్‌లో కనీసం 5 డాలర్లకి, గేమ్‌లూ ఇతర సరుకూ కలిపి వెయ్యిన్నర పైచిలుకు ఉన్న బండిల్ ఇచ్చారు, ఇప్పటికీ తవ్వుతున్నా. హంబుల్ 2010లో తాళాల్లేని గేమ్‌లతోనే మొదలైంది, ఇప్పుడు చేతిలో పెట్టేది ఎక్కువగా స్టీమ్ కీలే, అంటే స్టీమ్‌లో వేసి గేమ్ తీసుకునే కోడ్‌లే. ఎపిక్ వారంవారం ఫ్రీగా ఇస్తుంది, తీసుకోండి, పోయేదేముంది.

గాగ్ కూడా అన్నిట్లో మడి కట్టుకుని కూర్చుందని కాదు. 2021లో హిట్‌మ్యాన్ పెట్టి అమ్మారు, అందులో సగం సంగతులకి నెట్ కావాలి. జనం తిట్టిపోస్తే తర్వాతి నెలలో తీసేశారు. ప్యాచ్‌లు కూడా ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌కి ఆలస్యంగా అందడం ఉంది. కొత్త పెద్ద గేమ్ విడుదల రోజే కావాలనుకునేవాళ్లకి ఇది కొట్టే కాదు.

మా సోషల్ మాస్టారు ఒక రాత్రి గదికొచ్చి తలుపు దగ్గరే ఆగిపోయారు. "ఏటి మాస్టారూ, సిగ్నలే లేదు కదా, ఎలాగ ఆడతన్నారు?" చూపించా. హీరోస్ 3. చూసి చూసి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. తాళం లేని చోట ఈ ఇబ్బంది తప్పదు. కాపీ చేసిస్తే అడ్డుకునేది ఏదీ లేదు, కానీ నియమాల ప్రకారం నా కాపీ నాదే. ఇవ్వనని చెప్పడానికి మొహమాటంగానే ఉంది. చివరికి సేల్ వచ్చిన ఆదివారం విశాఖలో ఆయన కార్డుతోనే ఆయన అకౌంట్ తెరిపించి 2.49 డాలర్లకి కొనిపించా. అన్నీ కలిపి 220 రూపాయలు. మీట ఆన్ చేయకపోవడం వల్ల రెండుసార్లు పేమెంట్ ఫెయిలైంది, మూడోసారికి పడింది.

ఇప్పుడు ఆయన గదిలో ఆయన ఆడతారు. కరెంటు పోతే చార్జింగ్ ఎవరి లాప్‌టాప్‌లో ఉంటే అక్కడ ఇద్దరం ఒక్కదాని మీదే వంతులవారీగా, హాట్ సీట్. మొన్న బుధవారం ఆయన వంతులో నేను టీ పెట్టడానికి లేచా. గ్లాసులతో తిరిగొచ్చేసరికి నా కోట మీద ఆయన జెండా ఎగురుతోంది.